డీజిల్ పికప్‌కు ఏ ఫిల్టరు, ఏ మందు? నెల్లూరు తీరం బండ్లకు సమగ్ర మార్గదర్శి

ఫిల్టరు కొనడానికి దుకాణానికి వెళ్లే ముందు ఒక గాజు సీసా సిద్ధం చేసుకోండి. ఊరగాయ సీసా అయినా చాలు, కడిగి తడి లేకుండా ఎండబెట్టండి. రాత్రంతా కదలకుండా నిలిచిన బండి దగ్గరికి తెల్లవారుజామున, ఇంజను స్టార్ట్ చేయకముందే వెళ్లండి. డీజిల్ ఫిల్టరు అడుగున నీరు వదలడానికి ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని కొద్దిగా వదులు చేసి కింద సీసా పట్టండి. ఫిల్టరు మీద చేతి పంపు ఉంటే నాలుగైదు సార్లు నొక్కండి. ఒక గ్లాసుడు దిగాక మర బిగించి, సీసాను చదునైన చోట పది నిమిషాలు వదిలేయండి.

ఆ తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మంచి డీజిల్ అయితే లేత పసుపు రంగులో, సీసా వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. నీరు ఉంటే ముందుగా సీసా అడుగున పాదరసంలా దొర్లే బొట్లు కనిపిస్తాయి. సీసాను మెల్లగా వంచితే అవి ఒకదాన్నొకటి తాకి కలిసిపోతాయి. చివరికి పసుపు డీజిల్ కింద తెల్లగా ఒక పొర నిలుస్తుంది. రెంటికీ మధ్య గీత గీసినట్టు హద్దు ఉంటుంది. హద్దు లేకుండా అంతా పలచని మజ్జిగలా మసకబారి ఉంటే, నీరు సన్నని తుంపరలై డీజిల్‌లోనే తేలుతోందని అర్థం. హద్దు దగ్గర నల్లటి జిగురు తేలుతూ ఉంటే సూక్ష్మజీవులు పెరిగాయి. అడుగున ఎర్రటి పొడి చేరితే ట్యాంకో డ్రమ్మో తుప్పు పట్టింది.

ఏ ఫిల్టరు కావాలి, డీజిల్‌లో కలిపే మందు (అడిటివ్) అవసరమా కాదా అనే ప్రశ్నలకు సగం జవాబు ఈ సీసాలోనే ఉంటుంది. దుకాణదారు చెప్పేది ఆ తర్వాత వినవచ్చు.

నేను ఈ పని ఆలస్యంగా నేర్చుకున్నాను. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలకు మేత బస్తాలు, పట్టుబడి (రొయ్యలు పట్టే) రోజుల్లో ఐసు పెట్టెలు తోలడం నా వృత్తి. ఒక నవంబరు రాత్రి, వానలో, బండి నిండా రొయ్యలతో వస్తుండగా ఇంజను రెండుసార్లు కుదుపు ఇచ్చి ఆగిపోయింది. డ్యాష్‌బోర్డులో నీటి గుర్తు లైటు రెండు రోజులుగా వెలుగుతూనే ఉంది. పట్టుబడి అయ్యాక చూద్దామనుకున్నాను. మరుసటి రోజు నెల్లూరు ఆటోనగర్‌లో మెకానిక్ ఫిల్టరు విప్పి బకెట్లో వంచాడు. "అన్నా, ఇది బండి జబ్బు కాదు, మీ డ్రమ్ము జబ్బు" అన్నాడు. ఆ వారమంతా నేను డీజిల్ పట్టింది గుంట గట్టు మీది జనరేటర్ డ్రమ్ము నుంచే. రెండు ఇంజెక్టర్లు (ఇంజనులోకి డీజిల్‌ను చిమ్మే భాగాలు) పోయాయి. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి సరిపోయే ఫిల్టర్లు వచ్చేవి.

నీరు ఎందుకంత ప్రమాదం

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 (భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించదు. నీటికి ఉన్న పరిమితి కిలోకు 200 మిల్లీగ్రాములు. 60 లీటర్ల ట్యాంకు నిండా డీజిల్ పట్టిస్తే, ఆ పరిమితి ప్రకారం అందులో ఉండగలిగే నీరు మొత్తం సుమారు 10 గ్రాములు, అంటే రెండు టీస్పూన్లు. అందులోనూ చాలా భాగం డీజిల్‌లో కరిగి ఉంటుంది, కంటికి కనిపించదు. మీ సీసా అడుగున రెండు వేళ్ల మందాన నీరు నిలిచిందంటే అది రిఫైనరీ నుంచి వచ్చింది కాదు, దారిలో ఎక్కడో చేరింది.

కామన్ రైల్ ఇంజన్లలో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే ఇంజన్లలో, డీజిల్ 1600 బార్ (గాలి పీడనానికి సుమారు 1600 రెట్లు), కొన్నింటిలో అంతకు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లలోకి వెళుతుంది. ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు నుంచి ఐదు మైక్రాన్లు మాత్రమే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ సందులో రాపిడి తగ్గించేది డీజిల్ పొరే. అక్కడికి నీటి బొట్టు వెళితే ఆ పొర తెగి, లోహం లోహానికి రాసుకుంటుంది. వేడికి నీరు ఆవిరైతే ఇంజెక్టర్ చివర డీజిల్ చిమ్మే నాజిల్ మొన చిట్లిపోవచ్చు.

మన తీరంలో ఇంకొక సంగతి ఉంది. గుంటల దగ్గర చేరే నీరు చాలాసార్లు ఉప్పునీరే. అందులోని సోడియం, డీజిల్‌లో ఉండే ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారుతుంది. అది ఇంజెక్టర్ లోపల అంటుకుని కదలికను బిగించేస్తుంది. తుప్పు సంగతి చెప్పనవసరం లేదు. పైగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. కాబట్టి ఫిల్టరు మార్పిడి సెప్టెంబరు చివర పెట్టుకోవడం మంచిది.

మొదటి మెట్టు: డీజిల్ వచ్చే దారి

ఎంత ఖరీదైన ఫిల్టరు పెట్టినా, డ్రమ్ము చెడ్డదైతే అది వారం కూడా ఆగదు. అందుకే డబ్బు ఖర్చు పెట్టే ముందు డ్రమ్మును చూడండి.

నిటారుగా నిలబెట్టిన డ్రమ్ము మూత చుట్టూ గట్టు ఉంటుంది. వాన పడితే అక్కడ నీరు నిలుస్తుంది. పగటి ఎండకు డ్రమ్ములోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే లోపల గాలి ముడుచుకుని, బిరడా సందుల్లోంచి పైనున్న నీటిని లోపలికి లాగుతుంది. బిరడా గట్టిగా బిగించి ఉన్నా ఇది జరుగుతుంది. కాబట్టి డ్రమ్మును రేకుల కింద పెట్టండి. కుదరకపోతే ఒక పక్క ఇటుక పెట్టి వంచి, రెండు బిరడాలూ నీరు నిలిచే వైపుకు దూరంగా ఉండేలా తిప్పండి. కొత్తగా నింపిన డ్రమ్మును ఒక రోజు కదిలించకుండా వదిలి, ఆ తర్వాతే తోడండి. తోడే గొట్టం అడుగుకు ఆనకుండా నాలుగు వేళ్ల ఎత్తులో ఆగాలి. ఆ నాలుగు వేళ్ల డీజిల్ బండికి పనికిరాదు. జింకు పూత ఉన్న డబ్బాలు, బకెట్లు వాడవద్దు. డీజిల్‌లోని ఆమ్లాలకు జింకు కరిగి ఇంజెక్టర్లలో పేరుకుంటుంది.

గరాటుకు పాత పంచె గుడ్డ కట్టి వడగట్టే అలవాటు మా వైపు చాలామందికి ఉంది. గుడ్డ నలకలను కొంతవరకు ఆపుతుందేమో కానీ నీటిని ఆపదు, పైగా తన పీచును వదులుతుంది. నీటిని అడ్డుకునే జాలి ఉన్న గరాట్లు దొరుకుతున్నాయి. అటువంటిది ఒకటి కొని, మూత ఉన్న డబ్బాలో దాచుకోండి.

బంకులో డీజిల్ పట్టించుకునేవారికి ఒక హక్కు ఉంది. సాంద్రత చూపించమని అడగవచ్చు. హైడ్రోమీటరుతో కొలిచి ఉష్ణోగ్రతకు సరిచేసిన విలువ, ఆ రోజు బంకులో నమోదు చేసిన విలువకు ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు. వరద వచ్చి భూమిలోని ట్యాంకు మూతల మీదుగా నీరు పారిన బంకులో రెండు మూడు రోజులు పట్టించకపోవడమే మేలు. ట్యాంకర్ దింపుతున్న సమయంలో కూడా ఆగండి, అడుగున ఉన్నదంతా అప్పుడు పైకి లేస్తుంది.

రెండో మెట్టు: బండి ప్రధాన ఫిల్టరు ఎంచుకోవడం

దుకాణంలో "బొలెరో పికప్ ఫిల్టరు ఇవ్వండి" అని అడిగితే మూడు రకాలు బల్ల మీద పెడతారు. అదే పేరుతో కామన్ రైల్ లేని పాత డీఐ ఇంజను, తర్వాతి కామన్ రైల్ ఇంజను, బీఎస్-6 ఇంజను ఉన్న బండ్లు రోడ్ల మీద తిరుగుతున్నాయి. టాటా, అశోక్ లేలాండ్ బండ్ల విషయమూ ఇంతే. కాబట్టి పేరు చెప్పి కాకుండా, ఛాసిస్ నంబరు చూపించి పార్టు నంబరు తెలుసుకుని కొనండి. ఒకసారి తెలుసుకున్న నంబరును బండి కాగితాల వెనక రాసి పెట్టుకోండి. మర సరిపోయిందని ఫిల్టరు సరిపోయినట్టు కాదు. ఒకే మర కొలతలో 10 మైక్రాన్లదీ దొరుకుతుంది, 4 మైక్రాన్లదీ దొరుకుతుంది.

మైక్రాన్ లెక్కలో ఒక మోసం దాగి ఉంది, దాన్ని బాగా అర్థం చేసుకోవాలి. పెట్టె మీద "5 మైక్రాన్లు" అని ఉంటే, 5 మైక్రాన్ల రేణువులన్నిటినీ అది ఆపుతుందని మనం అనుకుంటాం. కానీ నిజంగా ఎంత శాతం ఆపుతుందో చెప్పేది బీటా అనే సంఖ్య. బీటా 2 అంటే ఫిల్టరు ముందు రెండు రేణువులుంటే ఒకటి దాటిపోతుంది, అంటే ఆపేది సగమే. బీటా 75 అంటే 75లో ఒకటి దాటుతుంది, దాదాపు 98.7 శాతం ఆగుతుంది. బీటా 200 అయితే 99.5 శాతం, బీటా 1000 అయితే 99.9 శాతం. సగం ఆపేదాన్నీ, వెయ్యికి ఒకటి వదిలేదాన్నీ ఇద్దరు అమ్మకందారులు "5 మైక్రాన్లు" అనే పేరుతోనే అమ్మవచ్చు. కామన్ రైల్ బండికి బీటా సంఖ్య లేదా శాతం ముద్రించిన ఫిల్టరునే తీసుకోండి, లేదంటే బండి కంపెనీ సొంత ఫిల్టరే తీసుకోండి. బాష్, మాలే, ఫ్లీట్‌గార్డ్, డోనాల్డ్‌సన్ వంటి ఫిల్టరు తయారీదారుల సరుకు కూడా మంచిదే, మీ పార్టు నంబరుకు సరిగ్గా సరిపోయేది దొరికితే.

అయితే అసలు పెట్టెలోనే నకిలీ సరుకు వచ్చే కాలం ఇది. పెట్టె మీది కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేయండి. మూత తీసి రబ్బరు రింగు నొక్కండి, మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి, గోరు గుచ్చితే పొడి రాలకూడదు. మర అంచుల మీద వేలు తిప్పండి, ఇనుప రజను తగలకూడదు. లోపలి కాగితం మడతలు కనిపించే రకమైతే మడతల మధ్య ఎడం సమానంగా ఉండాలి. ఒకచోట కిక్కిరిసి, ఇంకొకచోట తెరుచుకుని ఉంటే డీజిల్ సులువైన దారినే పోతుంది. పాత అసలు ఫిల్టరు ఒకటి ఇంట్లో ఉంచుకుంటే కొత్తదానితో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. సగం ధరకు వచ్చిందని సంతోషించవద్దు. ఈ ఒక్క వస్తువు విషయంలో నేను బేరం ఆడను, బిల్లు మాత్రం తప్పకుండా తీసుకుంటాను.

మూడో మెట్టు: అదనంగా నీటి ఫిల్టరు అవసరమా?

బంకు డీజిల్ మాత్రమే వాడుతూ, నెల నెలా సీసా తేటగా వస్తుంటే అవసరం లేదు. డ్రమ్ము డీజిల్ తప్పనివారికి మాత్రం ట్యాంకుకూ బండి ప్రధాన ఫిల్టరుకూ మధ్య ఒక వాటర్ సెపరేటర్ (నీటిని విడదీసే ఫిల్టరు) పెట్టించుకోమని గట్టిగా చెబుతాను. వారంటీ ఉన్న బండి అయితే ముందుగా సర్వీసు కేంద్రంలో రాతపూర్వకంగా అడగండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, అతి సన్నని ఫిల్టరు పెట్టడం. ఈ చోట డీజిల్‌ను పంపు లాగుతుంది, నెట్టదు. 2 మైక్రాన్ల కాగితం అడ్డం పెడితే పంపుకు డీజిల్ అందక, పైపుల్లో గాలి బుడగలు పుట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు బండి చచ్చుబడుతుంది. లాగే వైపు 30 మైక్రాన్లు, మరీ అయితే 10 మైక్రాన్లు చాలు. సన్నని వడపోత తర్వాతి ఫిల్టరు చూసుకుంటుంది. గంటకు ఎన్ని లీటర్లు పారగలదో కూడా చూడండి. ఇంజను తాగేది కొంచెమే అయినా, పంపు లాగేది అంతకు చాలా రెట్లు, మిగిలినది తిరిగి ట్యాంకుకు పోతుంది. కాబట్టి బండి మైలేజీని బట్టి లెక్క వేయకండి. పైపు డీజిల్‌కు పనికివచ్చే రబ్బరుదై ఉండాలి, వ్యాసం పాతదానితో సమానంగా ఉండాలి. అడుగున పారదర్శక గిన్నె ఉన్న రకం తెచ్చుకుంటే మర విప్పకుండానే నీరు కనిపిస్తుంది. సైలెన్సర్‌కు దూరంగా, ఛాసిస్ లోపలి వైపు, చెయ్యి అందే చోట బిగించండి. చెయ్యి అందకపోతే నీరు ఎవరూ వదలరు.

చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు, కనిగిరి, పొదిలి మెట్ట దారుల్లో తిరిగే బండ్లకు కథ వేరు. అక్కడ నీటికన్నా దుమ్ము పెద్ద సమస్య. ట్యాంకు మూత రబ్బరు చిరిగిందేమో, గాలి తీసుకునే గొట్టం తెరిచి ఉందేమో చూసుకోండి. మూత తీసే ముందు చుట్టూ ఉన్న రాతి పొడి తుడవండి. అదనపు సెపరేటర్ కన్నా ఎయిర్ ఫిల్టరు మీద పెట్టిన డబ్బే మీకు ఎక్కువ కలిసి వస్తుంది.

నాలుగో మెట్టు: మార్చే పద్ధతి

బండి పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లకని గడువు ఉంటుంది, అది మంచి డీజిల్‌కు రాసినది. నేను డ్రమ్ము డీజిల్ వాడిన ఏడాది ఆ గడువులో సగానికే మారుస్తాను. నీరు మాత్రం వానాకాలంలో వారానికోసారి, ఎండాకాలంలో నెలకోసారి వదులుతాను.

1. ఇంజను చల్లారాక, తాళం చెవి తీసేసి, ఫిల్టరు చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో, ఆపై శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఇది దాటవేస్తే ఆ మట్టి నేరుగా పంపులోకే పోతుంది.

2. అడుగు మర వదిలి డీజిల్ దింపండి. నీటి సెన్సర్ ఉంటే ముందుగా దాని వైరు తీయండి. పాత ఫిల్టరుకు సెన్సర్ బిగించి ఉంటే విప్పి కొత్తదానికి మార్చండి. దానితో పాటు ఉండే రబ్బరు రింగు కూడా కొత్తదే వేయండి.

3. ఫిల్టరు విప్పాక పాత రింగు పైన అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. రెండు రింగులు పడితే డీజిల్ కారుతుంది, లేదా గాలి లాగుతుంది.

4. కొత్త ఫిల్టరులో డ్రమ్ము డీజిల్ పోసి నింపే అలవాటు పాత బండ్లతో పోవాలి. మధ్య రంధ్రంలో పోసినది వడపోత దాటిన వైపుకు చేరుతుంది, అందులోని ప్రతి నలకా నేరుగా ఇంజెక్టర్లకు వెళుతుంది. కామన్ రైల్ బండికి ఖాళీగానే బిగించి, చేతి పంపుతోనో, తాళం ఆన్ చేస్తే తిరిగే కరెంటు పంపుతోనో నింపండి.

5. రింగుకు శుభ్రమైన డీజిల్ రాసి, చేత్తో ఆనేవరకు తిప్పి, ఆపై ఫిల్టరు మీద ముద్రించినంత మేరకే బిగించండి. పానా పెట్టి బలమంతా చూపించవద్దు.

6. చేతి పంపు గట్టిపడే వరకు నొక్కండి. సెల్ఫ్ ఒకేసారి 10 సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో ఒక నిమిషం ఆగండి.

పాత డీఐ బండ్లలో ఇంజెక్టర్ నట్టు వదులు చేసి గాలి తీసేవాళ్లం. కామన్ రైల్ బండిలో ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. ఆ ఒత్తిడిలో సూది మొనంత ధార చర్మాన్ని చీల్చి లోపలికి డీజిల్‌ను ఎక్కించేస్తుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా ఫిల్టరు మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు రాయండి.

ఐదో మెట్టు: మందుల సంగతి

దుకాణంలో అడిటివ్ అంటారు, మా వైపు డ్రైవర్లు డీజిల్ మందు అంటారు. నాకు ఆ మాటే నచ్చుతుంది. మందు అన్నాక ముందు జబ్బు ఏమిటో తెలియాలి.

గడ్డకట్టకుండా ఆపే మందు మనకు అక్కర్లేదు. అది మంచు కురిసే చోట వాడేది. సీటేన్ (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సంఖ్య) పెంచే మందూ అంతే, మన డీజిల్‌కు కనీస సీటేన్ సంఖ్య 51 ఉండాలనే నిబంధన ఉంది. జారుడు గుణం కోసం అమ్మే మందు విషయానికొస్తే, గంధకం తీసేటప్పుడు తగ్గిన ఆ గుణాన్ని రిఫైనరీలోనే తిరిగి సరిచేసి పంపుతారు. దాన్ని పాడు చేసేది కిరసనాయిలు కల్తీ. కొందరు టూస్ట్రోక్ ఆయిల్ పోస్తారు. అందులో కాలని పదార్థాలు బూడిదగా మిగిలి, బీఎస్-6 బండ్ల పొగ గొట్టంలోని మసి ఫిల్టరులో పేరుకుంటాయి. ఇక డెఫ్ అనేది డీజిల్ మందే కాదు, అది పొగను శుద్ధి చేయడానికి వాడే 32.5 శాతం యూరియా కలిపిన నీరు, దానికి వేరే ట్యాంకు ఉంటుంది. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పకుండా బండిని లాగించుకెళ్లి ట్యాంకు కడిగించాలి.

నాజిళ్లు శుభ్రం చేసే మందు నిజంగా పని చేసే రకం. మసి పట్టిన పాత నాజిళ్లున్న బండికి, వాడుకలో తేడా తెలుస్తుంది. బీఎస్-6కూ మసి ఫిల్టరుకూ తగినదని సీసా మీద రాసి ఉన్నదే తీసుకోండి. ఎక్స్‌ట్రాగ్రీన్, టర్బోజెట్ వంటి ప్రత్యేక డీజిల్ పట్టిస్తే అందులో మందు ముందే కలిసి ఉంటుంది, మళ్లీ పోయవద్దు. 1:1000 అని ఉంటే 60 లీటర్లకు 60 మిల్లీలీటర్లు. మూతతో ఉజ్జాయింపుగా కాకుండా సిరంజితో కొలిచి, డీజిల్ పట్టించే ముందే ట్యాంకులో పోయండి, పడే ధారకు అదే కలుస్తుంది. మైలేజీ కోసమే కొనేవారు ఒక లెక్క వేసుకోవాలి. డీజిల్ లీటరు 97 రూపాయలనుకుంటే 60 లీటర్లకు 5,820. ప్రతి ట్యాంకుకు 400 రూపాయల మందు పోస్తే, ఆ ఖర్చు రావడానికే మైలేజీ దాదాపు 7 శాతం పెరగాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది "నీటిని పోగొట్టే" మందుతో. ఇందులో రెండు విరుద్ధమైన రకాలు ఒకే మాటతో అమ్ముడవుతాయి. ఒకటి నీటిని డీజిల్ నుంచి విడదీసి అడుగుకు దింపుతుంది, అక్కడి నుంచి మనం మర విప్పి వదలవచ్చు. రెండోది నీటిని సన్నని తుంపరగా చేసి డీజిల్‌లోనే కలిపేస్తుంది. అప్పుడు సీసాలో నీరు కనిపించదు, లైటు ఆరిపోతుంది, మందు పని చేసిందని సంబరపడతాం. కానీ నీటి ఫిల్టరు పని చేసేదే బొట్లను దగ్గరకు చేర్చి పెద్దవి చేయడం ద్వారా. తుంపరైన నీటిని అది పట్టుకోలేదు, నీరంతా ఇంజెక్టర్లకే చేరుతుంది. శుభ్రం చేసే మందును మోతాదు మించి పోసినా ఇదే జరుగుతుంది.

ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు సీసాల్లో అర లీటరు చొప్పున డీజిల్, 50 మిల్లీలీటర్ల చొప్పున నీరు పోయండి. ఒకదానిలో మందును సీసా మీద రాసిన నిష్పత్తిలో, 1:1000 అయితే అర మిల్లీలీటరు, కలపండి. రెంటికీ మూతలు బిగించి ఒక నిమిషం గట్టిగా కుదిపి, గంటసేపు వదిలేయండి. మందు లేని సీసా తేటపడి, మందు వేసినది ఇంకా మజ్జిగలా ఉంటే ఆ మందు మీ బండిలో పోయవద్దు.

నల్ల జిగురు కనిపించిన డ్రమ్ములకు సూక్ష్మజీవులను చంపే మందు అవసరమే. అవి బతికేది నీరూ డీజిలూ కలిసే హద్దులో కాబట్టి ముందుగా నీరంతా తీసేయాలి, వీలైతే డ్రమ్ము అడుగు కడగాలి, తర్వాతే మందు. అది విషం, రబ్బరు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. చచ్చిన జిగురంతా కదిలి వచ్చి ఫిల్టరును మూసేస్తుంది కాబట్టి, ఆ వారం బండిలో రెండు కొత్త ఫిల్టర్లు, ఒక పానా ఉంచుకునే బయలుదేరండి.

సీసాలో దిగిన నీటినీ, పాత ఫిల్టరులో మిగిలిన డీజిల్‌నూ గట్టు మీద పారబోయకండి. మందు కలిసిన ఆ నీరు వానకు గుంటలోకి జారితే రొయ్యలకు ముప్పు, పక్క రైతు కాలువలోకి పోతే అతనికి ముప్పు. నేను బిగుతైన మూత ఉన్న 20 లీటర్ల క్యానులో పోగేసి, నిండాక ఆటోనగర్‌లో పాత ఆయిల్ కొనేవారికి ఇస్తాను. పాత ఫిల్టర్లను ఒక రాత్రి ఆ క్యాను గరాటు మీద బోర్లించి ఉంచితే చివరి చుక్క వరకు దిగిపోతాయి.